తూకానికి ముందు నీళ్ళు

ఈ జబ్బు గురించి రాయమని మా ఊరి భజన మందిరంలో ఇద్దరు ముగ్గురు అడిగారు. వాళ్ళ ఇళ్ళలోనూ చక్కెర జబ్బు ఉంది. నేను వైద్యం తెలిసినవాణ్ణి కాను. మారిషస్‌లో లెస్కాలియే ఊరి దగ్గర చక్కెర మిల్లులో చెరకు బళ్ళు తూచే గుమాస్తాని. అంతకు ముందు బాక్సర్ని. ఈ రెండు పనులూ నాకు తూకాన్ని నమ్మడం నేర్పాయి. ఆ నమ్మకం నన్ను చావు దాకా తీసుకుపోయింది. ఇప్పుడు గండం గడిచింది. అలసట మాత్రం ఇంకా వదల్లేదు. ఒక పేజీ రాస్తే పడుకోవాలనిపిస్తుంది. అందుకని ఒంటి లోపల ఏం జరుగుతుందన్నది డాక్టర్లకు వదిలేసి, నాకు ఎలా అనిపించిందో, ఎక్కడ మోసపోయానో అంతవరకే రాస్తాను.

ముందు బాక్సింగు సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది పిచ్చితనంలా కనిపిస్తుంది.

మిల్లు కొలిమిలో పనిచేసే మిస్యే గాస్తోన్ అనే క్రియోల్ పెద్దమనిషి నాకు గురువు. ఖాళీ గోనెల షెడ్డులో చెరకు పిప్పి కుక్కిన సంచిని దూలానికి వేలాడదీసి, పని అయ్యాక దాన్ని నా చేత కొట్టించేవాడు. నేను పొట్టి, చేతులు పొడుగు. బాంటం తరగతిలో, అంటే నూట పంతొమ్మిది పౌన్లు మించకుండా ఉండగలిగితే నన్ను కొట్టేవాడు ఈ దీవిలో లేడని అతను లెక్క వేశాడు. ఆ లెక్క నిజమైంది. పాతికేళ్ళు నిండేసరికి మారిషస్ తరఫున ఓడ ఎక్కాను. మొదట రియూనియన్, తరవాత మడగాస్కర్, చివరగా నైరోబీ. అప్పటికి మేం ఇంకా ఇంగ్లీషు జెండా కిందే ఉన్నాం. గెలిస్తే వాళ్ళ పాటే వాయించేవాళ్ళు. నేను మాత్రం ఆ పాట వినిపించినప్పుడల్లా మా అమ్మ ఎత్తిన చెరకు మోపుల్ని తలుచుకునేవాణ్ణి.

పోటీ గంట మోగినప్పుడు మొదలవుతుందని చూసేవాళ్ళు అనుకుంటారు. మాకు అది ఉదయం తూకం దగ్గరే మొదలయ్యేది. ఒక ఉద్యోగి త్రాసు కడ్డీ మీద గుండును జరుపుతాడు. కడ్డీ నిలకడగా ఉంటే సరే. లేచి పైనున్న ఇనుపచట్రానికి ‘టక్’మని తగిలిందా, బరువు ఎక్కువైనట్టు, అన్ని వేల మైళ్ళు వచ్చింది వృథా అయినట్టు. గాస్తోన్ చూడలేక కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వినపడకూడదని మొక్కుకుంటూ నిలబడేవాడు.

నా సహజమైన బరువు ఎప్పుడూ ఆ హద్దుకు పైనే. కాబట్టి పోటీ దగ్గర పడగానే నీళ్ళు బంద్. పుక్కిలించి ఉమ్మడానికి మాత్రం ఒక గుక్క. నోట్లో నిమ్మతొక్క పెట్టుకుని లాలాజలం ఊరించి అదీ ఉమ్మేయడం. గోనెలు చుట్టుకుని తాడు ఆడటం.

“దాహం అబద్ధం, మో గార్సోన్,” అనేవాడు గాస్తోన్. “అడిగేది నోరు. ఒళ్ళు అడగదు.”

మో గార్సోన్ అంటే నా కొడకా అని. చిన్నప్పుడే తండ్రి పోయినవాణ్ణి నేను. ఆ మాటతో పిలిచిన మనిషి ఏం చెప్పినా నమ్మేవాణ్ణి.

రియూనియన్‌లో ఆర్మాన్ అనే అతను నన్ను ఓడించాడు. తరవాత పోర్ట్ లూయీలో అతనితోనే సమానంగా ముగిసింది. ఆ లెక్క తేలకుండా ఉండిపోయింది. నైరోబీలో చివరి పోటీ, ఇంకొకరితో. ఆ ఉదయం నేను హద్దుకు వెంట్రుకవాసి పైన ఉన్నాను. గాస్తోన్ నన్ను దుప్పట్లలో చుట్టి స్నానాల గదిలో గంతులు వేయించాడు. రెండోసారి కడ్డీ లేవలేదు. రాత్రి బరిలో నా చేతులు బాగానే పనిచేశాయి, కాళ్ళే ఎవరివో అయిపోయాయి. ఒక్క న్యాయనిర్ణేత తేడాతో ఓడిపోయాను. అక్కడ ఇచ్చిన తోలు బూట్లు పట్టుకుని ఇంటికొచ్చి, తరవాత మళ్ళీ బరిలోకి దిగలేదు.

ఇక జబ్బు.

1967 కోత కాలం. బళ్ళు వరసకట్టి ఉంటాయి, దుమ్ము, ఎండ. దాహం వేస్తే ఎవరికి వింత? కానీ ఆ దాహం మామూలుది కాదు. నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టకముందే నాలుక మళ్ళీ అట్టలా ఎండిపోయేది. తాగినదంతా పోయడానికి తూకం వేదిక దిగి చెరకు వెనక్కి పరుగు. బళ్ళవాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు సిగ్గేసి, నాకు బాగా తెలిసిన పని మొదలుపెట్టాను. దాహాన్ని ఓర్చుకోవడం. నోరు పుక్కిలించి ఉమ్మేసేవాణ్ణి. పదేళ్ళ తరవాత కూడా అది చేతనవుతోందని లోలోపల గర్వంగా ఉండేది.

శనివారం ఆఖరి బండి వెళ్ళాక బస్తాలు తూచే త్రాసు మీద నిలబడటం నాకు అలవాటు. పెళ్ళయ్యాక, ఒళ్ళు వచ్చాక, ఆ అంకె నాకు ఎప్పుడూ చిన్నతనమే. ఆ కోతలో అది దిగడం మొదలైంది. వారం వారం దిగింది. ఎవరైనా భయపడాలి. నాకు పండగలా ఉండేది.

ఒక బండి తోలేవాడు, “కోంతోరూ, మదాం తిండి పెట్టడం మానేసిందా ఏంటి?” అని అడిగాడు. కోంతోరు అంటే తూకం గుమాస్తా. “నీ బరువే ఇలా తగ్గిపోతుంటే మా చెరకు బరువు ఏం తూస్తావు?” అని ఇంకొకడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

తరవాత గోవింద నెల వచ్చింది. మా ఇళ్ళలో ఆ నెల శనివారాలు ఉపవాసం ఉండి, నామం పెట్టుకుని, గోవింద కొట్టాకే ముద్ద ముడతాం. మిగతావాళ్ళు మధ్యలో మంచినీళ్ళో టీయో తాగుతారు. నేను అదీ ముట్టలేదు. పూజ చేయించే ముసలాయన నన్ను చూపించి, ఉపవాసం అంటే ఇలా ఉండాలి, ముఖం ఎలా చిక్కి వెలుగుతోందో చూడండి అని పదిమందిలో మెచ్చుకున్నాడు. ఆయన తప్పేం లేదు. నన్ను చూసి ఎవరైనా అదే అనుకుంటారు.

ఒక్క మనిషి అలా అనుకోలేదు. నా భార్య లచ్చమ్మ. ఒక ఉదయం పెరట్లో చీపురు పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయింది.

“పార్వతి నాన్నా, మీరు పోసిన చోట చీమలు పడుతున్నాయి. మా నాన్నకీ ఇలాగే పట్టాయి.”

పార్వతి మా కూతురు. మా మామగారు చక్కెర జబ్బుతోనే పోయాడు, చివరికి చూపు కూడా లేకుండా.

“చెరకు ఊళ్ళో చీమలు లేని చోటు చూపించు,” అన్నాను.

“నవ్వులాట కాదు. దిస్పాన్సెర్‌కి పోదాం.”

సర్కారు దవాఖానాకి పోయే సంగతి కోత అయ్యాక చూద్దామన్నాను. చుట్టూ చెరకు, తినేది దాని జీతం, అదే ఒంట్లోకి వచ్చి కూర్చుందంటే నమ్మబుద్ధి కాలేదు. పైగా త్రాసు నాతో మంచి మాట చెబుతోంది.

ఆ ఏడాది చివర గాస్తోన్ ఇంటికొచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది, నడక మాత్రం అదే. మార్చిలో దేశానికి స్వాతంత్ర్యం, ఆ ఉత్సవాల్లో పాత బాక్సర్ల చేత సరదా పోటీలు పెడుతున్నారని, రియూనియన్ నుంచి ఆర్మాన్ వస్తున్నాడని చెప్పాడు. నన్ను వెలుతుర్లోకి లాగి, భుజాలు పట్టుకుని చూశాడు.

“అయో సిమాద్రి, నువ్వు బాంటమే అయిపోయావే,” అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు ఇద్దరం మిల్లులో త్రాసు దగ్గరికి వెళ్ళాం. గుండును నూట పంతొమ్మిది దగ్గర పెట్టాను. గాస్తోన్ పాత అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాడు. కడ్డీ లేవలేదు. ఇంత వయసొచ్చిన మగవాళ్ళం ఇద్దరం గోనెల మధ్య ఒకరినొకరు కావిలించుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు చల్లబడుతుంది.

పెట్టెలోంచి నైరోబీ బూట్లు తీశాను. తోలు కర్రలా బిగుసుకుపోయింది. అవే వేసుకుని పెరట్లో రోజూ తాడు ఆడేవాణ్ణి. తడబడేవాణ్ణి, చూపు మసకగా ఉండేది, అయినా పాదాలు ఏమాత్రం నొప్పి పుట్టలేదు. పాత కాళ్ళు మళ్ళీ గట్టిపడ్డాయని గాస్తోన్‌తో గొప్పగా చెప్పాను. ఒకనాడు మేజోడుకు చీము మరక కనిపించింది. పొక్కు చితికిందనుకుని గుడ్డ కట్టాను. నొప్పి లేని పుండును ఎవరు పట్టించుకుంటారు?

జనవరి, 1968. పోర్ట్ లూయీలో గొడవలు, రోడ్ల మీద సిపాయిలు, మా వైపు బస్సులు ఎప్పుడొస్తాయో తెలియని రోజులు. కోత ముగిసింది. తూకం గదిలో పాత చీటీలు సరిచూస్తున్నాను. అంకెలు కాగితం మీంచి పక్కకు జారడం మొదలుపెట్టాయి. నా నోట్లోంచి మగ్గిన పండు వాసన వచ్చింది. తరవాతది నాకు తెలియదు. మిల్లు లారీలో ఆసుపత్రికి తీసుకుపోయారట. దారిలో రెండు చోట్ల సిపాయిలు ఆపితే లచ్చమ్మ దిగి, నా ముఖం చూపించి, వెళ్ళనివ్వమని అడిగిందట.

ఆసుపత్రిలో జరిగింది ఆమె చాలా రోజుల తరవాత చెప్పింది. నర్సు మిస్ రొజ్లిన్ గ్లాసుతో నీళ్ళు నా పెదాలకు ఆనించింది. నేను పళ్ళు బిగించి తల తిప్పేసుకున్నాను. మళ్ళీ ఆనిస్తే చేత్తో తోసేశాను. “తూకం అయ్యాక,” అన్నానట. స్పృహ లేదు, దాహంతో పెదాలు పగిలి రక్తం కారుతోంది, అయినా అదే మాట. తూకం అయ్యాక.

చెబుతూ లచ్చమ్మ నా వైపు చూడలేదు. “ఆ రోజు మిమ్మల్ని పోగొట్టుకున్నాననే అనుకున్నా,” అంది. “జబ్బు వల్ల కాదు. ఆ మాట వల్ల.”

స్పృహ వచ్చాక ఇంకో సంగతి చెప్పారు. కుడిపాదంలో చివరి రెండు వేళ్ళు నల్లబడ్డాయి. పాదమంతా వాచి ఎర్రగా ఉంది. డాక్టరు మనవాడే, కుర్రవాడు, విలాయతులో చదివి కొత్తగా వచ్చాడు. చీలమండ పైన నా కాలి చుట్టూ సిరాతో ఒక గీత గీశాడు. ఎరుపు ఆ గీత దాటితే మోకాలి కింద తీసేయాలి, దాటకపోతే వేళ్ళతో సరిపెట్టవచ్చు. మెత్తగా చెప్పాడు, దాచకుండా చెప్పాడు. అందుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

ఆ తరవాత రోజులన్నీ ఆ గీతే. జీవితమంతా నాకు ఏదో ఒక హద్దు ఉండేది, దానికి కింద ఉండటం నా చేతుల్లో ఉండేది. పస్తు ఉండవచ్చు, చెమట పట్టించవచ్చు. ఈ హద్దు దగ్గర నేను చేయగలిగింది ఏమీ లేదు. పడుకుని ఉండటమే. తెల్లవారగానే దుప్పటి తొలగించి చూసేవాణ్ణి. ఎరుపు గీతకు దగ్గరైందని ఒక రోజు, లేదు అలాగే ఉందని ఒక రోజు. పక్క మంచం మీద మహ్మదు చాచా అనే ముసలి దర్జీ ఉండేవాడు. నా కళ్ళను నేను నమ్మలేకపోతున్నానని, ఆయన తన టేపు తెప్పించి, ఎరుపుకూ గీతకూ మధ్య దూరం కొలిచి, చొక్కా కుట్టేవాడిలా గట్టిగా చదివి చెప్పేవాడు. ఎంత అన్నది ఇక్కడ రాయను. ఒక్కోసారి ఒక్క గోరు వెడల్పు.

లచ్చమ్మ వరండాలో బెంచీ మీద ఉండేది. అక్కడున్నవాళ్ళంతా ఒకరి అన్నం ఒకరు తింటూ, ఒకరి పిల్లల్ని ఒకరు ఆడిస్తూ బంధువులైపోయారు. గాస్తోన్ రెండో రోజే వచ్చాడు. ఆమె అతన్ని గుమ్మం దాటనివ్వలేదు. గొంతు పెంచలేదని, అందుకే అందరూ విన్నారని మహ్మదు చాచా చెప్పాడు.

“మిస్యే గాస్తోన్, మీరు ఆయనకు తండ్రి లాంటివారు,” అంది. “తండ్రి అయితే కొడుకు ఎండిపోతుంటే కావిలించుకుంటాడా?”

గాస్తోన్ గుమ్మం నుంచి వెనక్కి తగ్గాడు. వెళ్ళిపోలేదు. వరండా చివర మెట్టు మీద కూర్చున్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చి అదే మెట్టు మీద కూర్చున్నాడు. రోగుల్ని చూసే వేళకు వస్తాడు, లోపలికి రాడు, వేళ అయిపోయాక లేచి పోతాడు. నాకు కిటికీలోంచి అతని టోపీ మాత్రం కనిపించేది. పిలవమని లచ్చమ్మను అడిగే ధైర్యం నాకు లేదు. ఇద్దరిలో ఎవరి వైపు మాట్లాడినా అబద్ధమే అవుతుందనిపించేది.

ఒక ఎండ మధ్యాహ్నం ఆమె కుండలోంచి గ్లాసు నింపుకుని ఆ మెట్టు దగ్గరికి వెళ్ళింది.

“బ్వార్ దిలో, మిస్యే గాస్తోన్,” అంది. నీళ్ళు తాగండి అని. “లేక మీకూ దాహం అబద్ధమేనా?”

అతను టోపీ తీసి, నిలబడి, గ్లాసు ఖాళీ అయ్యే దాకా ఆగకుండా తాగాడు. రెండు చేతులతో గ్లాసు తిరిగి ఇచ్చాడు. ఆ రోజు నుంచి లోపలికి వచ్చేవాడు. వచ్చి నా మంచం కాళ్ళ వైపు నిలబడేవాడు. పోటీ మధ్య విరామంలో నా పిక్కలు పట్టిన చేతులు అవి. ఇప్పుడు వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టోపీ పట్టుకునేవాడు.

ఫిబ్రవరిలో ఎరుపు ఆగింది. గీతకు కింద, గోరు వెడల్పులో ఆగి, నెమ్మదిగా వెనక్కి పోవడం మొదలుపెట్టింది. వేళ్ళు రెండూ తీసేశారు. కత్తికి వెళ్ళే ముందు లచ్చమ్మ నా పాదం పట్టుకుని కూర్చుంది. తిరిగొచ్చాక మొదట నా చేతులు చూసుకున్నాను, ఎందుకో తెలియదు.

ఇంటికి పంపే ముందు మిస్ రొజ్లిన్ లచ్చమ్మకు ఇన్సులిన్ సూది వేయడం నేర్పింది. మా కంచె మీద కాసే శుశు కాయ, ఇండియాలో బెంగళూరు వంకాయ అంటారట, దాన్ని తెచ్చి ముందు దానికి గుచ్చమంది. లచ్చమ్మ సూదిని కాయ దాకా తెచ్చి ఆపేసింది. “ఈ కాయకి నొప్పి లేదు, మీ ఆయనకీ పాదంలో నొప్పి లేదు. ఇద్దరూ ఒకటే, భయమెందుకు?” అంది నర్సు. ఆ వార్డులో లచ్చమ్మ నవ్వడం అప్పుడే చూశాను. వారం పాటు మా ఇంట్లో శుశులన్నిటికీ చిల్లులు.

మార్చి 12 నాకు ఇంట్లో, మంచం మీద గడిచింది. పక్కింటివాళ్ళు రేడియో గట్టిగా పెట్టారు. మధ్యాహ్నం పాత జెండా దిగి కొత్తది ఎక్కుతుంటే వీధిలో పిల్లలు అరిచారు. పార్వతి నన్ను పట్టుకుని గుమ్మం దాకా నడిపించింది. కొత్త పాట వాయించారు. నేను ఏ దేశంలోనూ నిలబడి వినని పాట. వింటూ నిలబడదామనుకున్నాను. మధ్యలోనే కూర్చోవాల్సి వచ్చింది.

రెండు రోజుల తరవాత గాస్తోన్ వచ్చాడు. ఉత్సవాల్లో పోటీలు చూసి వచ్చాడు. ఆర్మాన్ ఎలా ఉన్నాడని అడిగాను.

“రమ్ పీపాకి చేతులు పెట్టినట్టున్నాడు,” అన్నాడు. “నీ గురించి అడిగాడు. కాలి సంగతి చెప్పాను.”

“మరి బాంటం హద్దులోకి ఎలా వచ్చాడు?”

గాస్తోన్ నేల చూపులు చూశాడు. లచ్చమ్మ బియ్యం ఏరుతూ ఆగింది.

“తూకం లేదు, సిమాద్రి. సరదా పోటీ కదా. ఎవర్నీ తూచలేదు. ఎంత లావున్నవాణ్ణి అంతలావుగానే బరిలోకి పంపారు. నేను ముందు అడగలేదు. బాక్సింగు అంటే తూకం ఉంటుందనే అనుకున్నాను.”

నేనూ అడగలేదు. అడగాలని తోచనే లేదు. నాకు నవ్వొచ్చింది, నవ్వితే ఆయాసం వచ్చింది. గాస్తోన్ కూడా నవ్వడం మొదలుపెట్టి లచ్చమ్మ ముఖం చూసి ఆపేశాడు. ఆమె చాట పక్కన పెట్టి లోపలికి వెళ్ళి, చాలాసేపటికి టీ పట్టుకొచ్చింది. మా టీల్లో చక్కెర లేదు. గాస్తోన్ తనకూ వద్దన్నాడు.

ఇది రాసేసరికి ఇంకో కోత గడిచింది. కుర్చీ వేసుకుని కూర్చుని తూస్తున్నాను. మెత్తటి చెప్పులు తప్ప ఏవీ వేసుకోకూడదు. రోజూ పడుకునే ముందు లచ్చమ్మ దీపం దగ్గర నా పాదాలు తిప్పి తిప్పి చూస్తుంది. నొప్పి చెప్పదు కాబట్టి కళ్ళు చెప్పాలి. చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా ఊరికే దాహం వేసి, ఊరికే ఒళ్ళు తగ్గుతుంటే, మంచిదే అనుకుని ఊరుకోకండి. త్రాసు బరువే చెబుతుంది. ఎక్కడికి పోతోందో అది చెప్పదు.

నెలకోసారి ఆసుపత్రిలో చూపించుకోవాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు మిస్ రొజ్లిన్ త్రాసు ఎక్కమంది. నాకు తెలియకుండానే చొక్కా విప్పేశాను, చెప్పులు వదిలాను, కిటికీ దగ్గరికి వెళ్ళి ఉమ్మబోయాను. వరసలో ఉన్నవాళ్ళు చూస్తున్నారు. లచ్చమ్మ చొక్కా తీసి మళ్ళీ నా భుజాల మీద వేసింది. సంచిలోంచి సీసా తీసి గ్లాసులో పోసి ఇచ్చింది.

“తాగండి,” అంది.

“ముందు తూకం కానీ.”

“తాగాకే.”

తూకానికి ముందు నేను ఎన్నడూ తాగలేదు. మొదటి గుక్క మింగడానికి చాలాసేపు పట్టింది, మిగతాది సులువుగా దిగింది. త్రాసు ఎక్కాను. మిస్ రొజ్లిన్ గుండును జరుపుతూ వచ్చి నూట పంతొమ్మిది దగ్గర, నా పాత హద్దు దగ్గర, ఆపింది. కళ్ళు మూసుకున్నాను. కడ్డీ లేచి ‘టక్’మని తగిలింది.

“పైకి జరుపు,” అంది లచ్చమ్మ నర్సుతో. “ఇంకా పైకి.”